నాడి పట్టగానే నెమ్మదించే గుండె

వైద్యుడి ముందు కూర్చోగానే మాయమైపోయే జబ్బు పగవాడికి కూడా రావద్దు. కాలు విరిగితే నలుగురూ చూస్తారు. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టి నమ్ముతారు. నాకు వచ్చింది మాత్రం సాక్షి లేనప్పుడు తన్ని, సాక్షి రాగానే ఏమీ ఎరగనట్టు చేతులు కట్టుకుని నిలబడే రకం. ఇప్పుడు కొంత అదుపులోకి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. రాస్తే నా కోపం కాస్త తగ్గుతుందని ఒక ఆశ. ఇంకెవరి గుండె అయినా ఇలాగే ఆడిస్తుంటే వాళ్లు తమను తాము అబద్ధాలకోరులనుకోకుండా ఉంటారని మరో ఆశ.

మాది హుస్సేనీ ఆలం. మా తాత, మా బాపు, నేను, ముగ్గురం ముత్యాలకు బెజ్జాలు వేసి బతికినవాళ్లం. మా సేఠు కార్ఖానా చార్మినార్ దగ్గరి ఒక గల్లీలో, మేడ మీద పొడుగాటి గది. ఆ గదికి పెద్ద కిటికీ ఒక్కటే. కిటికీ పక్కన కూర్చున్నవాడికి పెద్ద ముత్యాలు ఇస్తారు. వెనక్కి పోయినకొద్దీ వెలుతురూ తక్కువ, ముత్యమూ చిన్నది. కిటికీకి ఒక పక్క బాపు కూర్చునేవాడు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పేదీ ఆయనే. ఎదురుగా నేను. ఆ చోటు కోసం వెనక వరసలో ఎందరు కాచుకుని ఉండేవారో నాకు తెలుసు.

మా పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా జబ్బు సంగతి అర్థం కాదు. కొయ్య దిమ్మె గుంటలో ముత్యాన్ని బిగించి, దాని నెత్తిన సూది లాంటి బరమా నిలబెట్టి, చిన్న విల్లుతో తిప్పుతాం. సగం ఈ వైపు నుంచి, సగం ఆ వైపు నుంచి తొలుస్తాం. రెండు బెజ్జాలూ లోపల కలిసే చోట చెయ్యి వెంట్రుకవాసి కదిలినా ముత్యం పగులుతుంది. అందుకే అక్కడికి రాగానే పొట్ట బిగించి, ఊపిరి ఆపి, రాయిలా అయిపోవాలి. పసితనంలో బాపు నాకు నేర్పిన మొదటి పాఠం అదే. "కదలకు" అనేవాడు. నేను చెయ్యి కదలకుండా పెట్టేవాణ్ణి. నెత్తిన మొట్టికాయ పడేది. "ఊపిరి సుత కదలద్దురా" అనేవాడు. ఎన్ని మొట్టికాయలు తిన్నానో గానీ, ఆ మాట ఒంట్లో ఇంకిపోయింది.

రెండో పెద్ద యుద్ధం మొదలైన ఏడాది, వానాకాలంలో, నా గుండె మొదటిసారి దారి తప్పింది. సేఠు ఎవరో నవాబుగారి హారం కోసం తెచ్చిన ముత్యం నా దిమ్మెలో ఉంది. ఒక వైపు తొలిచి, తిప్పి పెట్టి, రెండో వైపు మొదలుపెట్టాను. ఉన్నట్టుండి లోపల ఒక దెబ్బ తప్పింది. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేకపోతే ఎలా ఉంటుందో అలా. తరవాత గుండె పరుగు అందుకుంది. దడదడదడ, మధ్యలో ఆగడం, మళ్లీ దడదడ. చెయ్యి జారింది. ముత్యం పగిలింది. విల్లు వదిలేసి గోడకు ఆనుకున్నాను. చావంటే ఇదేనేమో అనుకున్నాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా భయపడ్డాను.

గదిలో లొల్లి మొదలైంది. "ఊపిరి తీస్కోరా, ఊపిరి తీస్కో!" అని అందరూ ఒకటే అరుపు. బాపు నా ముఖం మీద నీళ్లు చల్లాడు. తీసుకున్నాను ఊపిరి, ఎంత తీసుకుంటే అంత పరుగు. ఇద్దరు పట్టుకుని కిందికి దించి, వీధి చివర ఉండే హకీం సాబ్ దవాఖానాకు తీసుకుపోయారు.

హకీం సాబ్ తెల్ల గడ్డం పెద్దమనిషి. నా మణికట్టు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "హిలో మత్ బేటా. కదలకు" అన్నాడు. నేను కదలలేదు. అప్పటిదాకా పిచ్చిగుర్రంలా ఉరుకుతున్న గుండె, ఆయన వేళ్ల కింద ఒక్కసారి గట్టిగా కొట్టుకుని, టక్కున దారిలోకి వచ్చేసింది.

"నబ్జ్ తో ఘడీ కే మాఫిక్ చల్తీ" అన్నాడు ఆయన కళ్లు తెరిచి. నాడి గడియారంలా నడుస్తోందట. "ఏం బీమారీ లేదు. వేడి చేసింది. గులాబ్ షర్బత్ తాగు, ఫికర్ చెయ్యకు."

బయట నిలబడ్డవాళ్లు ఆయన చేతి మహిమకు నోళ్లు వెళ్లబెట్టారు. ఆయన చేతిలో షిఫా, అంటే జబ్బు నయం చేసే గుణం, ఉందన్న మాట సాయంత్రానికల్లా గల్లీ అంతా పాకింది. ఆ తరవాత ఏ పంటి నొప్పివాడైనా హకీం సాబ్ దగ్గరికే పరుగు. నా జబ్బు వల్ల బాగుపడినవాడు ఆయనొక్కడే.

మరుసటి ఎండాకాలం వచ్చేసరికి అది నాకు చుట్టమైంది. ఒక నెల రాదు, హమ్మయ్య అనుకుంటే వరసగా మూడు రోజులు వస్తుంది. వచ్చిన ప్రతిసారీ అదే వరస. నేను విల్లు పడేయడం, అందరూ ఊపిరి తీస్కో అనడం, ఎవరో ఒకరి దగ్గరికి మోసుకుపోవడం, వాళ్లు నాడి పట్టడం, నాడి బుద్ధిగా నడవడం. హకీం సాబ్ అయ్యాక పురానాపూల్ దగ్గరి వైద్యుడు. ఆయనదీ అదే మాట, షర్బత్ బదులు కషాయం. ఆయన అయ్యాక మెడలో గొట్టం వేసుకున్న ఇంగ్లీషు డాక్టరు. ఆ గొట్టం ఛాతీ మీద ఆనించి, "కదలకు" అన్నాడు. కదలలేదు. "నీ గుండె నా గుండెకంటే మంచిగుంది, పో, పని చేసుకో" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దారిలో పట్టుకుని నిలదీయాలనిపించేది నా గుండెను. ఇంతసేపు ఎందుకు తన్నావు, ఇప్పుడెందుకు ఆగావు అని.

ఇంట్లో అంజమ్మ, అంటే నా భార్య, మొదట్లో దిష్టి తీసింది. బోనాల నాడు మొక్కుకుంది. తరవాత విసిగిపోయింది. ఒక మధ్యాహ్నం ఆ పరుగు ఇంట్లోనే వచ్చింది. "ఇగో, ఇప్పుడు ఉరుకుతున్నది, విను" అని పిలిచాను. గిన్నె పక్కన పడేసి పరుగెత్తుకొచ్చి, నా ఛాతీకి చెవి ఆనించింది.

"జెర కదలకుండ ఉండు, ఇనబడ్తలేదు" అంది.

కదలకుండా ఉన్నాను. ఆమె చెవి కిందే ఆ పరుగు ఆగిపోయింది. ఆమె చాలాసేపు విని, లేచి, నా ముఖంలోకి చూసింది.

"ఏం లేదు గదా అయ్యా" అంది. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. జాలి ఉంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

బాపుకు జాలి కూడా లేదు. ముత్యాలు వరసగా పగులుతుంటే సేఠు ఎన్నాళ్లు ఊరుకుంటాడు? సేఠు చెప్పగానే బాపే నన్ను కిటికీ దగ్గర నుంచి లేపి వెనక వరసలో, గింజల్లాంటి ముత్యాల దగ్గర కూర్చోబెట్టాడు. ఆ రోజు ఇంటికి రాగానే బాపు గుమ్మంలో చెప్పులు విడుస్తూ అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టున్నది నీ కత. చేతుల పనితనం తక్కువై గుండె మీద పెడ్తున్నవ్."

"బాపూ, నీ కండ్ల ముందట్నే వస్తది గదా..."

"నా కండ్ల ముందట నువ్వు విల్లు పారేసుడే కనబడ్తది. ముగ్గురు వైద్యులు చూసిండ్రు. ముగ్గురూ అబద్ధమాడ్తరా? నువ్వొక్కనివే నిజమా?"

జబ్బు పెట్టే బాధ ఒక ఎత్తు, అది ఉందని రుజువు చేసుకునే బాధ ఇంకో ఎత్తు. జబ్బుకు నేను అలవాటు పడ్డాను. రెండోదానికి మాత్రం ఈనాటికీ అలవాటు పడలేదు. నాకు ఆ కిటికీ చోటు కావాలి, నిజమే. దానికంటే ముందు బాపు నోట "అవునురా, నీకు బాగాలేదు" అన్న ముక్క కావాలి.

ఆ మరుసటి చలికాలంలో మా గల్లీలో ఉండే టాంగా ఖాజా భాయ్ ఒక కబురు తెచ్చాడు. మూసీకి అవతల, సుల్తాన్ బజార్ వైపు, విలాయతులో చదివిన డాక్టరు ఒకాయన కొత్తగా వచ్చాడట. గుండె ఎలా నడుస్తుందో కాగితం మీద గీసి చూపే మిషను ఉందట ఆయన దగ్గర. "ఆ మిషన్‌ ముందు దొంగ గుండె సుత దొరుకుతది భాయ్, నడువ్" అన్నాడు. మంచి మనిషి. ఎన్నిసార్లు నన్ను ఆ టాంగాలో వంతెన దాటించాడో, దారిలో నా ముఖం చూసి గుర్రాన్ని ఎన్నిసార్లు మెల్లగా నడిపించాడో. నా మాట నమ్మిన మొదటివాడు అతనే. కారణం అడిగితే, "నా గుర్రం సుత గిట్లనే, కొనేటోడొస్తే కుంటుతది, పోతే ఉరుకుతది" అన్నాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు గుండె బాగానే ఉంది. మిషను బాగానే ఉన్న గుండెను బాగానే గీసింది. డాక్టరు బందరు వైపు మనిషి, మర్యాదస్తుడు. "ఇందులో ఏమీ లేదండి. అది వచ్చినప్పుడే రావాలి మీరు" అన్నాడు. అది వచ్చినప్పుడు! అదేమైనా శుభలేఖ పంపి వస్తుందా? అయినా వచ్చినప్పుడల్లా ఉరికాను. ఒకసారి వెళితే డాక్టరు ఊళ్లో లేడు. ఒకసారి డాక్టరున్నాడు, కరెంటు లేదు. ఇంకోసారి అన్నీ ఉన్నాయి, నన్ను బల్ల మీద పడుకోబెట్టి, రెండు చేతులకూ ఎడమ కాలికీ ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు చుట్టి, తీగలు తగిలించి, "కదలకండి" అని మిషను దగ్గరికి వెళ్లాడు. ఆయన అక్కడికి చేరే లోపు నా గుండె సద్దుమణిగింది. తీగలన్నీ తెంచి పారేయాలనిపించింది.

"ఇంకోపారి పోను" అన్నాను ఇంటికొచ్చి. "చస్తే చస్త."

"నేనొస్త ఈపారి" అంది అంజమ్మ. "అసలు ఏం జేస్తున్నరో నేను జూస్త."

అంతకుముందు ఆమె ఎప్పుడూ రాలేదు. వైద్యుడి దగ్గరికి మగవాళ్లే తీసుకుపోయేవారు. బోనాలు అయిన వారానికి గుండె పరుగు మళ్లీ వచ్చింది. ఖాజా భాయ్ టాంగా కట్టాడు. వరండాలో బల్లలన్నీ నిండి ఉన్నాయి. నేను నిలబడలేక స్తంభాన్ని పట్టుకున్నాను. బురఖాలో ఉన్న ఒక ముసలామె తన పక్కన జాగా చేసి కూర్చోబెట్టి, చేతిలోని విసనకర్రతో నాకే విసరడం మొదలుపెట్టింది. కాంపౌండరు ఆమె పేరు పిలిస్తే, "పైలే యే బచ్చేకు దేఖో జీ, మై బైఠ్తీ" అంది. ముందు ఈ పిల్లవాణ్ణి చూడమని తన వంతు నాకిచ్చింది. ముప్పై దాటినవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, నన్ను బచ్చా అంది. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఎవరో నాకిప్పటికీ తెలియదు.

బల్ల మీద పడుకోబెట్టారు. గుడ్డలు చుట్టారు. అంజమ్మ తెర పక్కన నిలబడింది. గుండె ఉరుకుతూనే ఉంది. "ఇక కదలకండి" అన్నాడు డాక్టరు. మిషను గుర్రుమంటోంది.

అంతలో అంజమ్మ కేక పెట్టింది.

"అయ్యో, ముత్యం తొలుస్తున్నట్టు పండుకున్నవేందయ్యా! ఊపిరి తీస్కో!"

అప్పుడు తెలిసింది నాకు. పొట్ట బిగిసి ఉంది. పళ్లు కరిచి ఉన్నాయి. ఊపిరి లేదు. ఎవరైనా కదలకు అంటే చాలు, కన్ను రెప్ప వేసినంత సహజంగా నేను చేసే పని అది. చేస్తున్నానని కూడా ఎరగను. ఊపిరి వదిలాను. గుండె అలాగే ఉరుకుతోంది, దడదడదడ.

డాక్టరు మిషను మీంచి తల తిప్పాడు. "ముత్యం ఏమిటమ్మా?" అని అడిగాడు.

అంజమ్మ భయపడుతూనే చెప్పింది. "మా ఆయన ముత్యాలకు బెజ్జాలేస్తడు సార్. కదలద్దంటే గట్లనే ఊపిరి బిగబడ్తడు. ఆ పని చేసేటోళ్లందరు గంతే."

వింటూనే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఊపిరి తీస్తూ ఉండండి, ఆపకండి" అని మిషనును చాలాసేపు నడిపాడు. "ఇప్పుడు ముత్యం తొలవండి" అన్నాడు. పొట్ట బిగించాను. ఊపిరి ఆపాను. లోపల ఒక గట్టి దెబ్బ, ఒక ఖాళీ, ఆ తరవాత మామూలు నడక.

"పరుగూ, ఆగడమూ, రెండూ కాగితం మీద పడ్డాయి" అన్నాడు ఆయన, పిల్లవాడిలా సంతోషపడుతూ. మిషనులోని కాగితాన్ని చీకటి గదిలో కడిగి ఆరబెట్టి తెచ్చే వరకు వరండాలో కూర్చున్నాం. అందులో ముందు ముళ్లకంపలా కిక్కిరిసిన గీతలు, ఒక చోట ఆగి, ఆ తరవాత ఎడం ఎడంగా నిలబడ్డ గీతలు. ఆయన విడమరిచి చెప్పాడు. ఇలాంటి పరుగు కొందరికి వస్తుందట. ఊపిరి బిగబట్టి పొట్ట నొక్కితే కళ్లెం లాగినట్టు కొందరిలో ఆగుతుందట. "వైద్యులు చూసే లోపు మీ జబ్బును మీరే కుదుర్చుకుంటున్నారు. అందుకే ఎవరికీ దొరకలేదు" అన్నాడు.

అంజమ్మ నవ్వింది, ఏడ్చింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మందును ఒంట్లో పెట్టుకుని ఎన్ని గుమ్మాలు ఎక్కాను! మందు దొరకకపోతే పోయింది, ఆ మందే కదా నన్ను అబద్ధాలకోరును చేసింది. నన్ను కాపాడిన ప్రతిసారీ నా పరువు తీసింది. గంట ముందు చావుకు సిద్ధపడ్డవాణ్ణి ఇప్పుడు ఇంతగా కోపపడుతుంటే డాక్టరు వింతగా చూశాడు.

ఇది చదివి అందరూ ఊపిరి బిగబట్టకండి. గుండె జబ్బులన్నీ ఒకటి కాదని ఆ డాక్టరు గట్టిగా చెప్పాడు. నాకు సరిపడ్డది మీకు సరిపడకపోవచ్చు. నేను చెప్పేది ఇంతే. అది వచ్చినప్పుడు మీతో ఇంటి మనిషిని ఒకరిని లోపలికి తీసుకుపోండి. మీరు చేసేది మీకు కనబడదు.

ఆ గీతల కాగితంలో ఒక ముక్క డాక్టరు నాకిచ్చాడు. టాంగాలో వస్తూ దాన్ని చొక్కా లోపల దాచుకున్నాను. ఇక బాపు నోరు మూతపడుతుందని నా ధీమా. బాపు దాన్ని ముత్యాన్ని చూసినట్టు వెలుతురుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"గిది నీ గుండెనా?"

"అవు బాపూ."

"గీతలు. ఎవలి గుండెనో ఎట్ల తెల్వాలె?" అని నా చేతిలో పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి లేచిపోయాడు.

ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. ఏం చూపిస్తే నమ్ముతాడు ఈ మనిషి? ఛాతీ చీల్చి చూపించాలా?

మరి కొన్నాళ్లకు, పీర్ల పండుగ ముందు, కార్ఖానాలో వెనక వరసలో ఉండగా వచ్చింది. మెట్టు తప్పింది, పరుగు మొదలైంది. ఈసారి విల్లును పడేయలేదు, మెల్లగా కింద పెట్టాను. ఊపిరి బిగబట్టడానికి పొట్ట దానంతటదే సిద్ధమైంది. వద్దు అనుకున్నాను. లేచి, వరసలన్నీ దాటుకుంటూ కిటికీ దగ్గరికి నడిచాను. కళ్లు తిరుగుతున్నాయి. బాపు దిమ్మెలో పెద్ద ముత్యం, బరమా దాని నెత్తిన ఉంది. పని మీద ఉన్నవాణ్ణి తాకకూడదని మా కార్ఖానాలో కట్టడి. నేను ఆయన ముందు కూలబడి, విల్లు పట్టిన చెయ్యిని పట్టుకున్నాను.

"ఏందిరా, పాగల్ అయినవా?" అని అరిచాడు.

ఆ చెయ్యి లాగి, చొక్కా లోపల, ఛాతీ మీద పెట్టుకున్నాను. ఊపిరి తీస్తూనే ఉన్నాను. నోరు తెరిచి, పెద్దగా, ఆపకుండా తీశాను. గుండెను ఉరకనిచ్చాను. ఎంత ఉరుకుతుందో ఉరకనీ, ఒక్కసారి ఆయన చేతికి తగలనీ అనుకున్నాను.

చెయ్యి లాక్కోబోయిన బాపు ఆగిపోయాడు. ముఖంలో కోపం ఉన్న చోట ఏదో కదిలింది. అరచెయ్యి ఇంకా గట్టిగా అదిమాడు.

"గిదేనారా?" అన్నాడు మెల్లగా.

"గిదే బాపూ."

"గిన్నేండ్ల సంది... గిదేనా?"

తల ఊపాను. కార్ఖానా అంతా విల్లులు ఆపి చూస్తోంది. బాపు కళ్లు నా ముఖం మీద, చెయ్యి నా గుండె మీద. నేనింకా ఊపిరి తీస్తూనే ఉన్నాను. ఆయనకు బాగా తెలిసేదాకా ఆపదలచుకోలేదు.

"చాలు కొడుకా" అన్నాడు. "నమ్మిన. ఇగ కదలకు."

ఊపిరి బిగబట్టాను. ఆయన చేతి కిందే ఒక గట్టి దెబ్బ పడి, నడక దారికి వచ్చింది. బాపు వెంటనే చెయ్యి తీయలేదు. చాలాసేపటి తరవాత తీసి, కిటికీ పక్కన నా పాత చోటులో కూర్చున్నవాణ్ణి లేపి, అక్కడి దిమ్మెను చెయ్యెత్తి చూపించి, "కూసో" అన్నాడు.